బడి పిల్లల ఇళ్లలో వినకూడని సలహాలు

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా పరుచుకున్న నల్లరేగడి నేలలో తెలుగు మాట్లాడే ఇళ్లు వేలకు వేలు. నాయుళ్లు, రెడ్లు, కంబళత్తు నాయకర్లు, అరుంధతియర్లు, అందరి ఇళ్లలోనూ తెలుగే, పిల్లల బడిలో తమిళం. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక ఫలితాలు వచ్చేదాకా ఈ ఇళ్లకు సలహాలు వెల్లువలా వస్తాయి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఒకటి చెబుతాడు, చెన్నైలో ఉన్న మేనమామ ఫోన్లో ఇంకొకటి చెబుతాడు, పెళ్లి పందిట్లో పక్కన కూర్చున్నాయన మరొకటి. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. అయినా వాటిలో కొన్ని పిల్లలకు ఉన్న దారులు మూసేస్తాయి. నేను పదేపదే వినేవి, ఎవరూ వినకూడదని నేను కోరుకునేవి ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది విరుదునగర్ వాళ్లు గర్వంగా చెప్పేది: "పరీక్షల్లో మన జిల్లా రాష్ట్రంలోనే ఫస్ట్. మావాడు ఎలాగూ పాసవుతాడు, ఇంక గైడెన్స్ ఎందుకు?" 2023 ప్లస్ టూ ఫలితాల్లో విరుదునగర్ 97.85 శాతంతో నిజంగానే మొదట నిలిచింది. గర్వపడాల్సిందే. కానీ నూటికి తొంభైఏడు మంది పాసయ్యే చోట పాసవడం ఒక్కటే ఎవరినీ ముందుకు నెట్టదు. ఆ తర్వాత ఏ కోర్సు, ఏ కాలేజీ, ఎంత ఖర్చు అన్న దగ్గరే పిల్లలు తప్పిపోతున్నారు. తమిళనాడు ప్రభుత్వం 2022 మార్చి 1న మొదలుపెట్టిన 'నాన్ ముదల్వన్' పథకం, దాని కింద ప్లస్ టూ పిల్లల కోసం జిల్లాల్లో నడిపే 'కల్లూరి కనవు' సభలు అందుకోసమే. పిల్లల్ని బడివాళ్లు బస్సెక్కించి తీసుకెళతారు, తల్లిదండ్రులు మాత్రం రారు. ఇంటికొచ్చిన పిల్ల చేతిలో కరపత్రం చూసి "ఏం చెప్పార్రా?" అని అడిగితే "బాగా చెప్పారు" అంటుంది, అంతటితో సరి. ఒక పూట కూలి పోయినా సరే, తల్లో తండ్రో వెళ్లాలి. హాస్టల్ ఎంత, బస్సు ఉందా, బ్యాంకు అప్పు ఎలా ఇస్తారు అన్న ప్రశ్నలు పెద్దవాళ్లే అడగగలరు.

ఇక నాకు ఎక్కువ బాధ కలిగించే సలహా. "అయిదు దాకా గవర్నమెంటు బడి చాలు. ఆరులో మెట్రిక్ స్కూలుకి మార్చేయండి, అప్పోసప్పో చేసైనా." ప్రైవేటు బడులన్నీ చెడ్డవని నేను అనను, గవర్నమెంటు బడులన్నీ గొప్పవనీ అనను. అయితే ఆరో తరగతిలో ఆ సంతకం పెట్టేటప్పుడు ఏం వదులుకుంటున్నారో లెక్క తెలియాలి. ఆరు నుంచి ప్లస్ టూ దాకా ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం ప్రత్యేక కేటాయింపు 2020 నుంచి ఉంది. 2021లో దాన్ని ఇంజనీరింగ్, వ్యవసాయం, పశువైద్యం, మత్స్యశాస్త్రం, న్యాయ కోర్సులకూ విస్తరించారు. ఆ కోటాలో సీటు వచ్చిన పిల్లల కాలేజీ ఫీజూ హాస్టల్ ఖర్చూ ప్రభుత్వమే కడుతుంది. అదే ఆడపిల్ల డిగ్రీలోనో డిప్లొమాలోనో ఐటీఐలోనో చేరితే చదువు ముగిసేదాకా 'పుదుమై పెణ్' కింద నెలకు 1,000 రూపాయలు వస్తాయి. మగపిల్లలకూ 2024 ఆగస్టు నుంచి 'తమిళ్ పుదల్వన్' పేరుతో అంతే. ఇవన్నీ వదిలి, ఆ పైన ఏడేళ్లు ఫీజు కట్టి, చివరికి అదే కాలేజీ గేటు దగ్గర అప్పు కాగితాలతో నిలబడ్డ ఇళ్లు ఈ పక్క ఎన్నో.

ఇందులోనే ఒక మెలిక ఉంది. ఈ ఊళ్లలో సంఘాలూ ట్రస్టులూ నడిపే ఎయిడెడ్ బడులు చాలా ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. ఫీజు లేదు కదా అని వాటినీ గవర్నమెంటు బడులే అనుకుంటారు. నెలకు వెయ్యి ఇచ్చే పథకాలు ఎయిడెడ్ బడుల్లో తమిళ మీడియం చదివినవాళ్లకూ వర్తిస్తాయి. 7.5 శాతం కోటా మాత్రం వాళ్లకు లేదు. చేర్చే ముందే హెడ్మాస్టర్ని సూటిగా అడగండి: ఇది ప్రభుత్వ బడా, ఎయిడెడ్ బడా? అడిగినందుకు ఆయన ఏమీ అనుకోరు.

"తమిళ మీడియంలో వేస్తే పిల్లాడి బతుకు ఇంతే" అనే మాట తెలుగు ఇళ్లలో మరీ గట్టిగా వినిపిస్తుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకోటి, మళ్లీ మీడియం మూడోదైతే అయిదేళ్ల పిల్లకి లెక్కల్లో కూడికకన్నా ముందు ఆ భాషే అడ్డం పడుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 20 శాతం తమిళ మీడియంలో చదివినవాళ్లకే కేటాయించారని చాలామందికి తెలియదు. 2010 చట్టం అది, 2020లో సవరించి ఒకటో తరగతి నుంచీ తమిళంలోనే చదివి ఉండాలన్నారు. ఇంగ్లిష్ నేర్పించండి, తప్పకుండా నేర్పించండి. మీడియం మార్చకుండానే నేర్పించవచ్చు.

"ఎన్ఎంఎంఎస్ పరీక్ష ఫస్ట్ ర్యాంకు పిల్లలకే" అని ఎనిమిదో తరగతిలో రాసే ఆ స్కాలర్‌షిప్ పరీక్ష గురించి బడిలోనే కొందరు టీచర్లు అంటారు. నలుగురు పిల్లల్ని ఏరి వాళ్లనే రాయిస్తారు. ఏడో తరగతిలో 55 శాతం తెచ్చుకుని ప్రభుత్వ, ఎయిడెడ్ బడిలో ఎనిమిది చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించని ఏ పిల్లయినా రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. తర్కం మీద 90 ప్రశ్నలు, పాఠాల మీద 90 ప్రశ్నలు. నెగ్గితే తొమ్మిది నుంచి ప్లస్ టూ దాకా ఏడాదికి 12,000. నాలుగేళ్లకు 48,000 రూపాయలంటే మెట్టపొలం కౌలు చేసే ఇంటికి చిన్న మొత్తం కాదు. దీనికి కోచింగ్ సెంటరు అక్కర్లేదు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి రోజూ అరగంట కూర్చోబెడితే మొదట్లో తికమకపెట్టిన బొమ్మల లెక్కలు రెండు నెలల్లో ఆటైపోతాయి.

ఆ డబ్బు ఆగిపోయేది మార్కుల వల్ల కాదు, చాలాసార్లు పేరు వల్ల. బడి రికార్డులో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా ముందుంటుంది. ఆధార్‌లో తండ్రి పూర్తి పేరు వెనక ఉంటుంది. బ్యాంకు పాసుబుక్కులో ఇనీషియలే ఉండదు. మన ఇళ్లలో ఇంటిపేరు కూడా ఎక్కడో ఒకచోట దూరుతుంది. కంప్యూటరుకు వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఏడో తరగతి సెలవుల్లోనే ఆ మూడు కాగితాలూ నేలమీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ముందు బడి రికార్డు ఎలా ఉందో దాన్నే ఆధారంగా తీసుకుని మిగతావి దిద్దించండి. నెగ్గిన పిల్ల కూడా ఏటా రెన్యువల్ చేయించాలి, ఒక ఏడు మరిచిపోతే ఆ ఏటి డబ్బు రాదు.

పదో తరగతి ఫలితాల రోజు వినిపించే సలహా ఒకటే: "అయిదువందలకి నాలుగువందల యాభై వచ్చాయి, ఫస్ట్ గ్రూపే వేయండి." ప్లస్ వన్ అంటే ఆంధ్రలో ఇంటర్ మొదటి ఏడు. ఫస్ట్ గ్రూపు అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. మార్కులు బాగా వచ్చిన పిల్ల కామర్స్ కావాలంటే ఇంట్లో చావు కబురు విన్నట్టు అయిపోతారు. చుట్టూ చూడండి: శివకాశి ప్రెస్సులు, విరుదునగర్ పప్పు, నూనె వ్యాపారాలు, సాత్తూరు, కోవిల్‌పట్టి ఫ్యాక్టరీలు. లెక్కాపత్రం తెలిసిన మనిషి లేనిదే వీటిలో ఒక్కటీ నడవదు. చార్టర్డ్ అకౌంటెంటు కావాలన్నా ప్లస్ టూ తర్వాత నేరుగా ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చు. చేతిపని ఇష్టపడే కుర్రాడికి పది తర్వాత పాలిటెక్నిక్ ఉంది, డిప్లొమా అయ్యాక ఇంజనీరింగ్ రెండో ఏట చేరవచ్చు. గ్రూపు ఎంచుకునే రోజు అడగాల్సింది మార్కులు ఎన్నని కాదు, ఎవరూ చెప్పకుండానే పిల్ల ఏ పుస్తకం తీసి చదువుతోందని.

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గురించి రెండు మాటలు. తమిళనాడులో 2007 నుంచి రాష్ట్ర ఎంట్రన్స్ లేదు. ప్లస్ టూ లెక్కలకు 100, ఫిజిక్స్‌కు 50, కెమిస్ట్రీకి 50, మొత్తం 200 కట్ మార్కు. చాయిస్ పెట్టేరోజు బ్రౌజింగ్ సెంటరులో జనం క్యూ కడతారు, కుర్రాడు "అయిదారు కాలేజీలు చాలన్నా" అంటూ టకటకా కోడ్లు కొట్టి డబ్బు తీసుకుంటాడు. ఆ మాట వినకండి. ఎన్నయినా పెట్టవచ్చు. ఇంట్లోనే కాగితం మీద ఇష్టం వరసలో యాభై రాసుకుని వెళ్లండి. అయిదే పెట్టి, ఆ అయిదూ రాక, తర్వాతి రౌండుకు జారిపోయే పిల్లలు ఏటా ఉంటారు. "కౌన్సెలింగ్ ఎందుకు, మేనేజ్‌మెంట్ సీటు కొనేద్దాం" అన్నవాళ్లను ఇంకా దూరం పెట్టండి. ఇంట్లో మొదటి పట్టభద్రులయ్యే పిల్లలకు దక్కే ట్యూషన్ ఫీజు రాయితీ కౌన్సెలింగ్ ద్వారా చేరితేనే. ఆ సర్టిఫికెట్‌కు ఫలితాలు రాకముందే ఈ-సేవ కేంద్రంలో అర్జీ పెట్టాలి.

"ఆడపిల్లకి ప్లస్ టూ చాలు, రెండేళ్లు మిల్లుకి పంపితే పెళ్లి ఖర్చు వస్తుంది." ఈ సలహా చెప్పేవాళ్లకు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. పేదింటి పిల్ల పెళ్లికి బంగారమూ డబ్బూ ఇచ్చిన మూవలూర్ రామామిర్తం అమ్మయార్ పథకాన్నే 2022లో చదువు పథకంగా మార్చారు, అదే ఇప్పటి పుదుమై పెణ్. ప్రభుత్వమే తాళిబొట్టు డబ్బును కాలేజీకి మళ్లించింది. మనం మళ్లించలేమా?

"ఆటలు తిండి పెట్టవు" అని కోవిల్‌పట్టిలో ఎవరైనా అంటే నాకు ఆశ్చర్యం. ఈ ఊరిని హాకీపట్టి అని పిలుస్తారు. 2022 ఆసియా కప్‌లో భారత జట్టుకు ఆడిన మారీశ్వరన్ శక్తివేల్ ఈ ఊరి కుర్రాడే. సాయంత్రం ట్యూషన్ కోసం హాకీ మాన్పించే ముందు ఆ పిల్లాడి కోచ్‌తో ఒకసారి మాట్లాడండి.

వేసవి క్లాసుల పేరిట అబాకస్‌కూ చేతిరాతకూ వేలు పోస్తారు. చుట్టుపక్కల ఉన్నది చూపించరు. విరుదునగర్ జిల్లాలో వైప్పారు ఒడ్డున వెంబకోట్టైలో 2022 నుంచి తవ్వకాలు జరిగి గాజుపూసలు, శంఖపు గాజులు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. ముందు అలాంటివి చూపించండి. అలాగే, కలెక్టరుగా వి.పి. జయశీలన్ ఉండగా విరుదునగర్‌లో బడి పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడిన 'కాఫీ విత్ కలెక్టర్' లాంటివి జరిగినప్పుడు మా పిల్ల పేరూ రాయండని టీచరును అడగడానికి మొహమాటపడకండి.

అన్నిటికన్నా నేను గట్టిగా వద్దనేది ఇది: "ఇంట్లో తెలుగు మానేయండి, పిల్లకి తమిళమూ రాదు ఇంగ్లిషూ రాదు." కోవిల్‌పట్టి పక్కనే ఇడైసేవల్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసి, 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకున్నారు. ఆంధ్ర నుంచి వలస వచ్చి స్థిరపడినవాళ్ల ఊరి కథే అది. ఇంటి తెలుగు ఆయన తమిళాన్ని పాడుచేయలేదు. ఎట్టయపురంలో కవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఇల్లు చూపించడానికి బడివాళ్లు పిల్లల్ని తీసుకెళతారు. సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే సంగీత గ్రంథాన్ని 1904లో ఆ ఊళ్లోనే తెలుగు లిపిలో అచ్చు వేయించారని ఆ పిల్లలకు ఎవరూ చెప్పరు. తెలుగు పిల్ల అయితే మీరే చెప్పండి. రాత్రి అన్నం తిన్నాక రోజుకు నాలుగు అక్షరాలు పలక మీద దిద్దిస్తే ఎండాకాలం సెలవులు ముగిసేసరికి అమ్మమ్మ పేరు తెలుగులో రాయగలదు.

చివరిగా, ఫెయిలైన పిల్లల సంగతి. "రేపటి నుంచి ఫ్యాక్టరీకి రమ్మను" అనే మాట ఫలితాల సాయంత్రమే ఇంటి గడప దగ్గర వినబడుతుంది. శివకాశి బాలకార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. పిల్లను పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కొక్కరికి 20,000 కట్టాలంది. అంత పోరాడి బయటికి తెచ్చిన పిల్లల్ని ఒక సబ్జెక్టు పోయిందని మళ్లీ అదే గేటులోకి పంపకండి. సప్లిమెంటరీ పరీక్ష కొద్ది వారాల్లోనే ఉంటుంది, నెగ్గితే ఏడాది పోదు, స్నేహితులతో కలిసే పై తరగతికి వెళుతుంది. ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలకండి. బంధువుల ఫోన్లు ఇంట్లో ఇంకెవరైనా ఎత్తాలి. మాట్లాడటానికి మనిషి కావాలంటే విద్యాశాఖ హెల్ప్‌లైన్ 14417 ఉంది. మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లి, సప్లిమెంటరీ ఫీజు ఎంత, కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడు అని అడిగి రాసుకోండి.