అడ్వాన్సు లేని పాలమూరు లేబర్

పాలమూరు లేబర్ అంటే దేశమంతటికీ తెలుసు. ఎక్కడ ఆనకట్ట లేచినా, ఎక్కడ కాలువ తవ్వినా మా తట్ట, మా పార అక్కడ ఉన్నాయనే పేరు. ఆ వలసకు ఒక వరస ఉండేది. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చేవాడు. మనుషుల్ని లెక్కబెట్టుకునేవాడు. అడ్వాన్సు చేతిలో పెట్టి లారీ ఎక్కించేవాడు. ఆ అడ్వాన్సు తీరేలోపు నడుములు విరిగేవన్నది నిజమే. దాని మీద ఉద్యమాలు జరిగాయి, నివేదికలు వచ్చాయి, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమూ వచ్చింది. అయినా ముందు డబ్బు, తర్వాత పని అన్న మాట మాత్రం ఆ మేస్త్రీ తప్పేవాడు కాదు.

ఆ పాలమూరు గడ్డ మీదే, నాగర్‌కర్నూలు జిల్లా లింగాలలో కూర్చుని నేనూ వలస పోయాను. లారీ ఎక్కలేదు, ల్యాప్‌టాప్ తెరిచాను. నా మేస్త్రీ హైదరాబాదులో ఉంటాడో నోయిడాలో ఉంటాడో తెలియదు. వాట్సాప్‌లో మాత్రం ఉంటాడు. పేరు పక్కన ‘కంటెంట్ హెడ్’ అని రాసుకుంటాడు. అడ్వాన్సు సంగతి ఎత్తితే నవ్వుతున్న బొమ్మ పెడతాడు. ముందు ఆయనకే మనం ఇచ్చుకోవాలి. దాని పేరు శాంపిల్.

శాంపిల్ అంటే మూడు వ్యాసాలు. ఒకటి ఆరోగ్యం, ఒకటి ఆధ్యాత్మికం, ఒకటి ఓటీటీ. ‘మీ శైలి మా బ్రాండుకు నప్పుతుందో లేదో చూస్తాం సర్’ అంటారు. చూస్తారు. నప్పదు. నెల తిరిగేసరికి ఆ మూడూ వాళ్ల వెబ్‌సైటులో కనిపిస్తాయి, కింద ‘డెస్క్’ అనే మహారచయిత పేరుతో. తెలుగులో ఇంత విస్తారంగా రాసినవాడు ఇంకొకడు పుట్టలేదు. తెల్లారగట్ల రాశిఫలాలు, పదింటికి బంగారం ధర, మధ్యాహ్నం మధుమేహానికి మెంతులు, రాత్రికి హీరోయిన్ విడాకులు. అన్నిటికీ ఒకే చెయ్యి. ఆ చేతికి ఎన్ని ఊళ్లవాళ్ల వేళ్లు అతికించారో లెక్క తీసినవాడు లేడు.

శాంపిల్ గట్టెక్కితే కూలి మాట్లాడతారు. పదానికి ఇరవై పైసలు. ఇరవై పైసల బిళ్ల 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. నా పదం ఇంకా అంతకే చెల్లుతోంది.

పదానికింత అని కూలి కట్టడంలో తెలుగువాడికి ఇంకో దెబ్బ ఉంది. మన మాటలు ఒకదాన్నొకటి అంటుకుని బతుకుతాయి. ఇంగ్లిషులో రాసేవాడు అయిదు ముక్కల్లో చెప్పి అయిదింటికీ డబ్బులు తీసుకునేదాన్ని మనం ఒక్క ముక్కలో చెప్పేసి ఒక్కదానికే తీసుకుంటాం. చిన్నయసూరి వ్యాకరణ సూత్రాలు రాసేటప్పుడు ఈ నష్టం ఆలోచించినట్టు లేదు. ఆయనకు జీతం ఉండేది. నేను సంధి చేసిన ప్రతిసారీ ఇరవై పైసలు గంగలో కలుస్తాయి. అందుకని ‘వెళ్లిపోవాల్సివచ్చింది’ అని చచ్చినా రాయను. ‘వెళ్లి పోవాల్సి వచ్చింది’ అంటాను. కరెంటు బిల్లు వచ్చిన నెలలో అయితే ‘వెళ్లి పోవాల్సిన ఒకానొక పరిస్థితి వచ్చి పడింది’ అని రాస్తాను. సమాసాలు పూర్తిగా మానేశాను. అవి కలిగినవాళ్ల వ్యవహారం. ఈ మధ్య తెలుగు గద్యం నీళ్లోడుతోందని విమర్శకులు బాధపడుతున్నారు. వాళ్లు ఒక్కసారి మా రేటు కార్డు చూడాలి.

మా వాడకట్టులో ఉపాధి హామీ పనికి పోయేవాళ్లకు 2025-26లో రోజు కూలి 307 రూపాయలు. తెలంగాణకు ఇంత అని గెజిట్‌లో అచ్చయింది. పదిహేను రోజుల్లో డబ్బులు పడాలని, ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని 2005 నాటి చట్టంలో రాశారు. నేను ఆ 307 అందుకోవాలంటే రోజుకు 1,535 పదాలు రాయాలి. ఈ కాలమ్ కంటే ఎక్కువే. గుంత తవ్వితే కొలతలు తీసి ఒప్పుకుంటారు. నేను రాసి పంపితే ‘ఇంకొంచెం ఫన్‌గా’ అని తిప్పి పంపుతారు. పని చూసే ఏ మేట్ అయినా కూలీతో ‘గుంత ఇంకొంచెం ఫన్‌గా తవ్వు’ అన్నట్టు నేను వినలేదు.

ఊళ్లో నా హోదా ఏమిటో 2024 నవంబరులో తేలింది. ఇంటింటి కుటుంబ సర్వే జరిగిందే, అప్పుడు. ఎన్యూమరేటర్ సారు ‘వృత్తి?’ అన్నాడు. నేను గొంతు సవరించుకునేలోపు అమ్మ అందుకుంది.

“ఏం జెయ్యడు సారూ. ఇంటికాడనే ఉంటడు. రాత్రంత లైటేస్కోని కూసుంటడు.”

“డిగ్రీ అయిందా?”

“పీజీ గూడ అయింది.”

సారు ముఖంలో జాలి కనిపించింది. నేను ఫ్రీలాన్స్ రైటర్‌నని చెప్పాను. ఆయన కాగితంలోని గడుల వంక చూసి, నా వంక చూసి, అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, ఏదో అంకె వేసుకుని పోయాడు. ఆ అంకెకు అర్థం ఏమిటో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

పెళ్లిచూపుల దగ్గర ఇంకో చిక్కు. “పిల్లగాడు రాస్తడంట” అని మా మేనమామ గొప్పగా మొదలుపెట్టాడు. అవతలివాళ్ల ముఖాలు వెలిగాయి. “డాక్యుమెంట్ రైటరా? మంచిదే, రిజిస్ట్రేషన్లు జోరుగున్నయి” అన్నారు. కాదు, వ్యాసాలు రాస్తాడని మామ చెప్పిన తర్వాత మిర్చీ బజ్జీల ప్లేటు మా వైపు రావడం ఆగిపోయింది. వాళ్లను తప్పుబట్టను. రాతకు విలువ లేదని ఎవరన్నారు? స్టాంపు కాగితం మీద రాసిన రాతకు మా దగ్గర చాలా విలువ.

ఇంట్లో కూర్చున్నవాడు ఖాళీగా ఉన్నట్టే గదా. అందుకని ఊరి రాతపనంతా నాకే వస్తుంది. ప్రభుత్వ పథకాలకు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్న రోజుల్లో, అంటే 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా, మా అరుగు మీద తిరునాళ్లే. 2025 ఏప్రిల్‌లో భూరికార్డుల ధరణి పోయి భూభారతి వచ్చింది, పట్టా పుస్తకంలో తప్పులు సరిచెయ్యమని అర్జీలు రాయడం మొదలైంది. నడుమ నడుమ పెళ్లిపత్రికలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, యువనాయకుడి పుట్టినరోజుకు విశేషణాలు. “అల్లుడూ, జర రెండు ముక్కలు రాసియ్యి. నీకు రెండు నిమిషాల పని” అంటారు. యువనాయకుడికి ముప్పై విశేషణాలు కావాలి, ఒక్కటీ అవతలి యువనాయకుడికి వాడింది కాకూడదు. రెండు నిమిషాల పనే మరి.

చిత్రమేమిటంటే, నాది పనే కాదనుకునే ఈ ఊరు ఎప్పుడూ బాకీ పెట్టలేదు. అర్జీ రాయించుకున్న పెద్దాయన పల్లికాయ పీకిన వారంలోనే సంచి తెచ్చి అరుగు మీద పెట్టి పోతాడు. దసరా ముందు సీతాఫలాలు వస్తాయి. అడవిలోంచి వచ్చినాయన ఒకసారి తేనె సీసా ఇచ్చి, తక్కువయిందేమోనని మొహమాటపడ్డాడు. నన్ను ‘క్రియేటర్’ అని, ‘పార్ట్‌నర్’ అని, ‘మా కుటుంబ సభ్యుడు’ అని పిలిచేవాళ్లు మాత్రం ‘అకౌంట్స్ వాళ్లతో మాట్లాడుతున్నా సర్’ అంటారు. ఆ అకౌంట్స్ అనే మనిషిని కంటితో చూసినవాడు లేడు.

ఈ బేరంలో మా పాత సంస్థానాల వాసన కొంత ఉంది. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. ప్రభువులు పండితులను పిలిపించి ఏటేటా వార్షికాలు ఇచ్చేవారట. ఆ సంప్రదాయం చెడకుండా ఇప్పటి కంపెనీలు కూడా ఏడాదికొకసారే ఇస్తున్నాయి. శాలువా ఒకటే తక్కువ.

ఆ గద్వాల గడ్డ మీది ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డిది. ఆయన 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. పేజీలు నిండాలి గనుక రకరకాల మారుపేర్లతో తానే రాసేవాడు. ఒక్క మనిషి పదిమందిలా వినిపించాడు. ఇప్పుడు పదిమందిమి రాస్తే ఒక్క ‘డెస్క్’ వినిపిస్తున్నాడు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నందుకు ఆయన 1934లో 354 మంది కవులను పోగుచేసి గోలకొండ కవుల సంచిక వేసి నోరు మూయించాడు. తెలుగులో రాసినదానికి డబ్బులిచ్చేవాళ్లే లేరని ఈ రోజు ఎవరైనా అంటే, సంచిక కాదు గదా, కరపత్రం నింపడానికి కూడా మన దగ్గర పేర్లు లేవు.

ఇక ఏం రాయమంటారన్నది. లింగాల దాటితే నల్లమల. నన్ను మాత్రం దుబాయ్‌లో చూడదగ్గ పది చోట్ల గురించి రాయమంటారు, స్విట్జర్లాండులో హనీమూన్ ఖర్చు గురించి రాయమంటారు. అచ్చంపేట బస్సు తప్పితే మళ్లీ ఎప్పుడో తెలియనివాడు జ్యూరిక్ రైళ్ల వేళలు చెబుతుంటాడు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల గొడవ రేగినప్పుడు మాత్రం ఫోన్ మోగింది. ‘సేవ్ నల్లమల’ అని సినిమావాళ్లంతా ట్వీట్లు పెడుతున్న రోజులు. ఆ సెప్టెంబరు 16న శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం కూడా చేసింది. “మా మండలంలోనే అప్పాపూర్ పెంట ఉంది. పోయి చెంచులతో మాట్లాడి రాస్తా” అన్నాను.

“ఎంత టైమ్ పడుతుంది సర్?”

“రెండు రోజులు.”

“రెండు రోజులకు టాపిక్ చల్లారిపోతుంది సర్. ఏ హీరో ఏం ట్వీటాడో ఏరి అరగంటలో పంపండి.”

ఏరి పంపాను. అడవి అంచున కూర్చుని, అడవి గురించి జూబ్లీహిల్స్ ఏమనుకుంటున్నదో అడవికి తెలియజేసిన ఘనత నాకు దక్కింది.

మేస్త్రీ పీడ వద్దనుకుని సొంతంగా బ్లాగు పెట్టి ప్రకటనల మీద బతుకుదామనీ చూశాను. గూగుల్ యాడ్‌సెన్స్‌కు 2018లో తెలుగు పనికొచ్చింది. ఖాతాలో పది డాలర్లు పడితే వాళ్లు చిరునామా రుజువు కోసం కాగితం మీద పిన్ నంబరు వేసి పోస్టులో పంపుతారు. ప్రపంచంలోని చిరునామాలన్నీ మ్యాపులో పెట్టుకున్న కంపెనీ, లింగాలలో నేనున్నానో లేనో మా పోస్ట్‌మన్‌ను అడిగి తెలుసుకుంటుంది! ఉన్నాడని ఆయన సాక్ష్యం చెప్పాడు. తర్వాత నూరు డాలర్లు నిండితే గాని బ్యాంకుకు రావు. నిండాలంటే పాఠకులు సైటుకు రావాలి. మనవాళ్లు రారు. “మంచిగ రాసినవంట గదా, పీడీఎఫ్ పంపు” అంటారు.

ఇంతలో 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. అప్పటిదాకా నన్ను మరమనిషిలా వాడుకున్న మేస్త్రీకి అసలు మరమనిషే దొరికింది. నా పని పోతుందనుకున్నాను. పోలేదు, రేటు పోయింది. ఇప్పుడు యంత్రం రాసింది నాకు పంపి ‘కాస్త మనిషి రాసినట్టు చెయ్యండి సర్’ అంటున్నారు. మొన్న మా నల్లమలలోని సలేశ్వరం జాతర మీద ఒకటి వచ్చింది. పులుల అభయారణ్యం గనుక చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే అటవీశాఖ దారి వదులుతుంది. జనం ‘వస్తున్నాం లింగమయ్యా’ అంటూ రాళ్లు పట్టుకుని లోయలోకి దిగుతారు. యంత్రం ఏం రాసిందంటే, కుటుంబంతో కారులో జలపాతం పక్కనే దిగవచ్చట, వృద్ధులకు రోప్‌వే ఉందట, వానాకాలం వెళితే మరీ బాగుంటుందట. అదంతా కొట్టేసి, మోకాళ్లు నొప్పి పుట్టిన సంగతితో సహా నేను తిరిగి రాశాను. దాన్ని వాళ్లు ఇంకో యంత్రానికి చూపించారు. ఇది యంత్రం రాసిందేనని అది తేల్చింది. రోప్‌వే ఉన్న పాఠం మాత్రం మనిషి రాసినట్టుందట. రోప్‌వేనే వేశారు. వచ్చే జాతరకు దానికోసం వెతికే ముసలివాళ్లకు నేనే దారి చూపాలి.

చట్టం మన వైపు లేదనుకుంటున్నారేమో, ఉంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, ఉద్యం పోర్టల్‌లో పైసా ఖర్చు లేకుండా పేరు నమోదు చేసుకున్న బుల్లి సంస్థకు కొనుగోలుదారు 45 రోజుల లోపు డబ్బు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను రాతగాణ్ని కాదు, సూక్ష్మ పరిశ్రమను! పొద్దున్నే నమోదు చేసుకుని, సెక్షన్లతో సహా బాకీ నోటీసు తయారుచేశాను. ఊరికి ఎన్ని అర్జీలు రాశానో గాని, నాకోసం రాసుకున్న మొదటి అర్జీ అదే. దాన్లో సమాసాలు కూడా ధైర్యంగా వాడాను.

కంటెంట్ హెడ్ గంటలో జవాబిచ్చాడు. అంత వేగం ఆయనలో ఎన్నడూ చూడలేదు.

“సర్, సూపర్ ఇన్ఫర్మేషన్! మా రీడర్స్‌కు చాలా పనికొస్తుంది. ‘ఫ్రీలాన్సర్లు బాకీలు వసూలు చేసుకోవడం ఎలా’ అని 1,500 పదాలకు పెంచి ఇవ్వగలరా? కొత్త కేటగిరీ కాబట్టి మొదటిది శాంపిల్‌గా.”

సంధులన్నీ విడగొట్టి 1,900 చేసి పంపాను.