ఆ పెట్టెలో మీటను నేను

స్కిన్నర్ పెట్టె అనగానే అందరికీ ఎలుకే గుర్తొస్తుంది. గోడకు బిగించిన చిన్న లోహపు మీటను, నన్నెవరూ తలుచుకోరు. 1930 ప్రాంతంలో హార్వర్డ్‌లో మనస్తత్వవేత్త స్కిన్నర్ చేతుల్లో పుట్టాను. ఎలుక ముందుకాళ్లతో నొక్కితే కిందికి దిగుతాను. తొట్టిలో తిండి గుళిక పడుతుంది, కదిలే కాగితం మీద కలం ఒక్క మెట్టు పైకి జరుగుతుంది. నొక్కులు జోరందుకుంటే గీత నిటారుగా లేస్తుంది, ఆగిపోతే అడ్డంగా సాగుతుంది.

ఆ గీతల వల్ల నాకు గట్టిగా తెలిసింది ఒకటే: నొక్కును ఒక్కదాన్నే చూస్తే ఏమీ అర్థం కాదు, దానికి ముందు ఏముందో, తర్వాత ఏం జరిగిందో చూడాలి. దీపం వెలిగినప్పుడే గుళిక పడే ఏర్పాటు చేస్తే, కొన్నాళ్లకు దీపం ఆరిన వేళ ఎలుక నా జోలికి రావడం బాగా తగ్గిస్తుంది. ఎలుకా అదే, ఆకలీ అదే, మారింది సందర్భం. అయితే దీపానికి ఆ విలువ తెచ్చిపెట్టినవి అంతకుముందు పడిన గుళికలే. గుళికలు పూర్తిగా ఆపేస్తే నొక్కడం వెంటనే ఆగదు. తరచుగా మొదట జోరు పెరుగుతుంది, తర్వాత విడతలు విడతలుగా సద్దుమణుగుతుంది. ఆ జోరుకు బెదిరి గుళిక వేశారా, జోరుగా నొక్కడమే నేర్పినట్టు. పిల్లవాడి ఏడుపు తారస్థాయికి చేరాక ఫోను చేతికిచ్చే ఇంట్లో జరిగేదీ ఇదే.

మనసున్న మనిషికి ఎలుక లెక్క ఎలా సరిపోతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మనసు పేరు చెప్పి ‘మొండివాడు’ అనేస్తే తెలిసేదేముంది? బ్రయన్ ఇవాటా బృందం 1982లో ఎదుగుదల లోపాలుండి తమను తాము గాయపరచుకునే పిల్లలను వేర్వేరు పరిస్థితుల్లో పరిశీలించింది. పైకి ఒకేలా కనిపించే ఆ ప్రవర్తన కొందరిలో పని చెప్పినప్పుడు పెరిగింది, కొందరిలో ఒంటరిగా వదిలినప్పుడు పెరిగింది. కారణాలు వేరైనప్పుడు చికిత్సా వేరుగానే ఉండాలి. లెక్కలు రాక అల్లరి చేసే పిల్లవాణ్ణి తరగతి బయట నిలబెడితే, టీచరు దృష్టిలో అది శిక్ష, వాడికి మాత్రం విముక్తి. రేపు మళ్లీ లెక్కల పీరియడ్‌లోనే అల్లరి మొదలవుతుంది. ఇది మనసును కాదనడం కాదు. పిల్లవాణ్ణి తిట్టే ముందు, వాడికి మనం ఏం అందిస్తున్నామో చూసుకోమనడం.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. స్కిన్నర్ దగ్గర పనిచేసిన కెల్లర్, మేరియన్ బ్రీలాండ్ దంపతులు 1961లో రకూన్ అనే జంతువు సంగతి రాశారు. నాణేలు డబ్బాలో వేస్తే తిండి దొరుకుతుంది. అయినా అది వాటిని వదలకుండా ఒకదానితో ఒకటి రుద్దుతూ కూర్చునేది, తిండి ఆలస్యమైనా సరే. ఫలితమే అన్నిటినీ శాసిస్తుందనే వాదం అక్కడ జంతువు సహజ స్వభావం ముందు ఓడిపోయింది. దాన్ని నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే నా రూపమే అందుకు సాక్ష్యం: ఎలుక కాలికి అందే ఎత్తులో, దాని బరువుకు దిగేలా నన్ను చేశారు. ప్రయోగానికి ముందు ఎలుకను ఆకలితోనూ ఉంచుతారు. నా గీతలు చదివేవాళ్లు దీపం, నొక్కు, గుళికలతో పాటు అది ఏ జంతువో, ఎన్ని గంటలుగా తినలేదో కూడా పక్కన రాసుకోవాలి.