తప్పు మనది, పేరు సర్వరుది

ఆత్రేయపురం పూతరేకుల కొట్టాయన ఆన్‌లైన్లో అమ్ముదాం, పేజీ చేసిపెట్టమని రాజమండ్రిలో ఉన్న మీకు కబురు పెట్టాడా? 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, ఇక మన సరుకు ఎక్కడికైనా పోతుందని ఊదరగొడుతున్నాడా? కంగారుపడకండి. పేజీలోని స్క్రిప్టు అడగాలి, సర్వరు జవాబివ్వాలి, అంతే కదా. ఆ మధ్యలో ఎంత పని ఎగ్గొట్టొచ్చో చూడండి.

1. పుట్టుపూర్వోత్తరాలు చదవకండి. పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా కావలసిన ముక్క మాత్రమే తెప్పించుకునే ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. ఆ పద్ధతికి అజాక్స్ అన్న పేరు 2005లో పడింది. ఇవన్నీ తెలుసుకుంటే పద్ధతి తెలుస్తుంది, తెలిశాక పాటించాలి. ఎందుకొచ్చిన గొడవ?

2. ఆ రిక్వెస్టు తెరిచేటప్పుడు మూడో విలువగా ‘ఫాల్స్’ ఇవ్వండి. జవాబు వచ్చేదాకా పేజీ బిగుసుకుపోతుంది. జరపబోతే జరగదు, నొక్కితే పలకదు. గోదావరి లంకల్లో ఒక్క గీత సిగ్నల్ మీద చూసేవాడు తన ఫోనే పాడైందనుకుంటాడు. ఇలా చేయొద్దని బ్రౌజరు కన్సోల్లో హెచ్చరిస్తుంది. కన్సోలు మూసేయండి.

3. అది పాతదన్నారా? ‘ఫెచ్’ వాడండి. బద్ధకస్తులకు ఇంతకు మించిన వరం లేదు. సర్వరు కుప్పకూలి 500 అని చెప్పినా ఫెచ్ దాన్ని ఓటమి కింద లెక్కకట్టదు. జవాబంటూ చేరింది కదా, దానికది చాలు. పని జరిగిందో లేదో ‘ఓకే’ అన్న విలువ చూసి మనమే తేల్చుకోవాలి. చూడకండి. నేరుగా పచ్చ టిక్కు పెట్టి ‘మీ ఆర్డరు అందిందండి’ అని రాసేయండి. నెట్టే తెగిపోయిందనుకోండి, అందుకు ‘క్యాచ్’ ఉంది. దాని బ్రాకెట్ల మధ్య ఒక్క అక్షరమూ రాయకండి. పెళ్లికి యాభై డబ్బాల నేతి పూతరేకులు చెప్పిన పెద్దాయన ఆ టిక్కు చూసి నిశ్చింతగా పడుకుంటాడు. కొట్లో మాత్రం ఒక్క రేకు కూడా మడవరు. పెళ్లినాడు ఫోనొస్తే ‘ఆయ్, సర్వర్ డౌనండి’ అనండి. ఏ సర్వరని ఎవరూ అడగరు.

4. ఒకసారి నొక్కాక బటన్ను ఆపకండి. రెండుసార్లు నొక్కితే రెండు ఆర్డర్లు. అమ్మకాలు పెరిగాయని కొట్టాయన మురిసిపోతాడు, సరుకు తిరిగొచ్చేదాకా.

5. ధరను బ్రౌజరే పంపాలి, సర్వరు నోరు మూసుకుని నమ్మాలి. ఎఫ్12 నొక్కడం తెలిసిన కాలేజీ కుర్రాడు 400ను 4 చేసుకుంటాడు. చేసుకోనివ్వండి, పిల్లలకు ప్రోత్సాహం ఉండాలి.

6. అన్నిటికీ ‘గెట్’ చాలు, ‘పోస్ట్’ మాటెత్తకండి. కొన్నవాడి పేరూ ఫోన్ నంబరూ చిరునామా లింకులోనే కనపడతాయి, బ్రౌజరు హిస్టరీలోనూ సర్వరు లాగుల్లోనూ భద్రంగా ఉండిపోతాయి. ఆర్డరు రద్దు లింకుకూ ఇదే పెట్టండి. ప్రివ్యూ చూపడానికి లింకును ముందే తెరిచే యాప్‌లు ఆ రద్దు పని కూడా చేసిపెడతాయి.

7. సరుకుందో లేదో సెకనుకోసారి సర్వరును అడిగించండి. సంక్రాంతి ముందు 500 మంది పేజీ తెరుచుకుని కూర్చుంటే గంటకు 18 లక్షల ప్రశ్నలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, మీరు దాన్నీ దాటేశారన్నమాట! ఎలాగూ సర్వరు పడిపోతుంది. ఇన్నాళ్లూ మీరు చెప్పింది ఇప్పటికి నిజమవుతుంది.

8. ఈ పనితనం చూసి ఎవరైనా గోదావరి నీటిమట్టం పేజీ కూడా చేసిపెట్టమంటే సందేహించకండి. ఒకసారి తెచ్చిన అంకెను దాచుకుని దాన్నే చూపిస్తూ ఉండండి. అది ఎప్పటి అంకో టైము మాత్రం వేయొద్దు. బ్యారేజీ దగ్గర నీరు 13.75 అడుగులకు చేరి రెండో హెచ్చరిక వచ్చినా మీ పేజీలో 11.6 అనే ఉంటుంది. అంటే మొదటి హెచ్చరిక 11.75 కూడా రానట్టే. లంక గ్రామాల వాళ్లు పశువుల్ని గట్టెక్కించకుండా హాయిగా నిద్రపోతారు. జనాన్ని భయపెట్టడం మన పని కాదు.

9. కొట్టాయన దగ్గర మీ డబ్బు మొత్తం ముందే పుచ్చుకోండి. మిగతాది తర్వాత ఇస్తానన్నవాడు ఇవ్వడు.