కీళ్లవాతమా? నన్నడగండి

నేను డాక్టర్ని కాను. అయినా పెళ్లిపందిళ్లలో, పదకొండో రోజు భోజనాల దగ్గర, రైల్లో కింది బెర్తు మీద కూర్చుని నేనిచ్చినన్ని సలహాలు ఏ డాక్టరూ ఇచ్చి ఉండడు. ఫీజు లేదు, టోకెన్ లేదు. కీళ్లవాతం నా స్పెషాలిటీ. మా తమ్ముడి భార్యకి నలభై రెండో ఏట అదే పట్టుకుంది కాబట్టి ఇప్పుడు అనుభవం కూడా తోడైంది. శ్రద్ధగా వినండి.

మొదటి సంగతి, పొద్దున్నే చేతులు బిగుసుకుపోతున్నాయంటే దాన్ని బద్ధకం అనాలి. మా మరదలు పాల ప్యాకెట్‌ని రెండు అరచేతుల మధ్య ఇరికించి, మూల పళ్లతో కొరికి గిన్నెలో పిండేది. వేళ్లు మడత పడేసరికి ఎనిమిది దాటేది. వయసుకి అరిగిన మోకాలైతే పది, పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడిస్తే సర్దుకుంటుంది. గంటకు పైగా బిగుసుకుని ఉండటం, రెండు చేతుల్లోనూ అవే కణుపులు వాచడం రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ లక్షణాలట. మీరు అంత దూరం వెళ్లకండి. పాల ప్యాకెట్ పళ్లతో కొరకడం ఎంగిలి అని చెప్పండి. నేను చెప్పాను.

తర్వాత పథ్యం. వంకాయ, గోంగూర, ఆలుగడ్డ, శనగపిండి అన్నీ బంద్. మన భాషలో కడుపులో గ్యాసూ వాతమే, కీళ్ల నొప్పీ వాతమే కావడం మనలాంటి సలహాదారులకి పెద్ద వరం. నిజానికి ఈ జబ్బులో జరిగేది వేరు. రోగాన్ని తరమాల్సిన మన రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొరని పరాయిదనుకుని మీద పడుతుంది. అన్నం పెట్టి పెంచిన కుక్క ఇంటాయన పిక్క పట్టుకున్నట్టు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈ సంగతి గోంగూరకి తెలియదు. తెలిసినా మానిపించండి. నాలుక్కి ఉన్న ఆ కాస్త సుఖం కూడా పోతే పేషెంటు జబ్బుని సీరియస్‌గా తీసుకుంటుంది.

మొదటి మూడు నెలలు చాలా విలువైనవనీ, అప్పుడే సరైన మందు పడితే కీళ్లు వంకర పోకుండా ఆపుకోవచ్చనీ అంటారు. అంత విలువైన కాలాన్ని ఒక్క డాక్టరుకే ధారపోయడం ఏం న్యాయం? మేము మూడు ఊళ్లకి పంచాం. ఒక నెల నూనె మర్దనా, ఒక నెల పసరు, ఇంకో నెల పొట్లాల పొడి. ఆ పొడి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మూడో రోజుకల్లా మరదలు లేచి చపాతీలు ఒత్తింది. ఇల్లంతా పండగ. ఇలాంటి పండగే 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో జరిగింది. మంచం దిగలేని ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి ఫిలిప్ హెంచ్ బృందం కార్టిసోన్ సూది వేస్తే, కొద్ది రోజుల్లోనే ఆవిడ షాపింగ్‌కి వెళ్లొచ్చింది. 1950లో హెంచ్‌తో పాటు మరో ఇద్దరికి నోబెల్ ఇచ్చారు. ఆనక తెలిసింది అసలు కథ. ముఖం చందమామలా ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగరు, మనసు గంతులేయడం. పేరూ మోతాదూ చెప్పని పొట్లాల్లో చాలాసార్లు దొరికేది ఈ స్టెరాయిడే. డాక్టరు ఇస్తే ఎంత, ఎన్నాళ్లు, ఎలా తగ్గించాలి అని లెక్క రాస్తాడు. లెక్క లేకపోవడమే మన పొట్లం గొప్పతనం. అది ఒక్కసారిగా ఆపేస్తే మనిషి కుప్పకూలొచ్చన్న మాట మాత్రం పొట్లం మీద ఉండదు.

అసలు డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తే క్యాన్సర్ మందని కనిపెట్టి మాన్పించండి. క్యాన్సర్‌కి వాడేది పెద్ద మోతాదు. కీళ్లకి ఇచ్చేది చిన్నది, వారానికి ఒక్కసారి, తోడుగా ఫోలిక్ యాసిడ్, మధ్యమధ్య లివరు పరీక్ష. ఈ వారానికొకసారి అన్న మాటతో మాత్రం నేను కూడా పరాచికాలాడను. పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు.

ఇక నా అసలు విద్య, మనసు. 

మా మరదలికి కాలి వేళ్లు వాచి మెట్టెలు కండలోకి దిగిపోయాయి. కంసాలిని ఇంటికే పిలిపించాం. ఆయన పీట వేసుకుని, వేలికీ వెండికీ మధ్య చిన్న రేకు ముక్క దూర్చి, పట్టకారుతో ఒక్కొక్కటీ కత్తిరించాడు. వేళ్ల మీద తెల్లటి గాడి పడి ఉంది. మరదలు ఏడుస్తుందేమోనని ముందే హెచ్చరించాను, ఐదోతనానికి మంచిది కాదని. ఏడవలేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే మానేసింది. చెల్లెలికి ఫోన్లు మానేసింది. సీరియల్ మానేసింది. రాత్రి మూడింటికి లేచి హాల్లో లైటు వేయకుండా కూర్చునేది. తల దువ్వుకోవడం మానేసింది. చేతులు పైకి లేవక అనుకున్నాం. చేతులు లేచిన రోజుల్లో కూడా దువ్వుకోలేదు.

అప్పుడు మీ నోటి నుంచి రావాల్సిన మాటలు మూడు. నీకేం తక్కువ. మనసు గట్టి చేసుకో. నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా. వరసగా అన్నా పర్లేదు, తిరగేసి అన్నా పర్లేదు.

వాపు కీలు దగ్గరే ఆగుతుందనుకోవడం మన సలహాలకి పునాది. ఆ పునాది కింద నీళ్లున్నాయి. వాపుని నడిపించే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి రక్తంలో ఊరంతా తిరుగుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 కబురు పెడితే లివరు సీఆర్‌పీ తయారు చేస్తుంది. ల్యాబు చీటీలో నక్షత్రం గుర్తు పక్కన కనిపించే అంకె అదే. ఆ కబురు మెదడుకీ చేరుతుంది. విషజ్వరం వచ్చినప్పుడు గోడవైపు తిరిగి పడుకుని, అన్నం వద్దు, మాట వద్దు, దీపం వద్దు అంటామే, అది ఆ కబురు పనే. జ్వరానికైతే నాలుగు రోజులు. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి. హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ సూదులు వేయించుకున్నవాళ్లలో, అంతకుముందు నవ్వుతూ తిరిగినవాళ్లు కూడా చాలామంది డిప్రెషన్‌లోకి జారారు. అది వాళ్ల మనసు మెత్తనై కాదు, సూదిలో ఉన్నది రోగనిరోధక వ్యవస్థని రెచ్చగొట్టే సరుకు. దీనికి నొప్పి, నిద్రలేమి, జాకెట్టు హుక్కు పెట్టమని కూతుర్ని అడగాల్సి రావడం కలుపుకోండి. మనసు కుంగితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే నిద్ర పోతుంది.

2013లో అచ్చయిన ఒక సమీక్షలో చాలా అధ్యయనాలు కలిపి చూస్తే, రుమటాయిడ్ ఉన్నవాళ్లలో సుమారు 17 శాతం మందికి తీవ్రమైన డిప్రెషన్ తేలింది. ప్రశ్నల కాగితంతో అడిగితే 39 శాతం దాకా వెళ్లింది. అలసట, నిద్రపట్టకపోవడం కీళ్ల ఖాతాలో రాయాలా మనసు ఖాతాలో రాయాలా అన్న తగువు అందులో ఉంది. మనకి తగువులెందుకు? అడగనే అడక్కపోతే సున్నా శాతం.

14416 అని ఒక నంబరుంది, మనసు బాగోలేనప్పుడు చేసే టెలీ మానస్ వాళ్లది. తెలుగులోనే మాట్లాడతారు, పైసా అడగరు. ఇంట్లో ఎవరికీ చెప్పకండి. పెళ్లికావాల్సిన పిల్ల ఉంది, పిచ్చి అంటారు.

చివరికి, కీళ్లనొప్పులతో ఎవరూ చావరు అనే మాట గట్టిగా అనండి. అది నిజమే. ఎక్కువగా పోయేది గుండెతో. ఏళ్ల తరబడి వాపు రక్తనాళాలని కూడా వదలదు కాబట్టి రుమటాయిడ్ ఉన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకంటే సుమారు ఒకటిన్నర రెట్లు. అమెరికాలో 1,290 మందిని ఏళ్లపాటు గమనించి 2005లో ప్రకటించిన అధ్యయనంలో, డిప్రెషన్ కూడా ఉన్నవాళ్లకి చావు ముప్పు రెట్టింపు పైన కనిపించింది. మందు వేసుకోబుద్ధి కాదు, నడవబుద్ధి కాదు, ఇంకో చెకప్ దేనికనిపిస్తుంది. అయినా సర్టిఫికెట్ మీద గుండెపోటు అనే రాస్తారు. మన సలహా మీద మచ్చ పడదు.

మా తమ్ముడి కూతురు మాత్రం నా మాట వినలేదు. పెదనాన్నా, మీరు కాసేపు ఊరుకోండి అని తల్లిని రుమటాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ డాక్టరమ్మ కణుపులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాక, ఈ రెండు వారాల్లో ఇష్టంగా చేసిన పని ఏదైనా ఉందా అని అడిగిందట. మా మరదలు చాలాసేపు ఆలోచించి, గుర్తు రావట్లేదందట. అప్పుడు ఏడ్చిందట. కీళ్లకీ మందు రాసింది, మనసుకీ రాసింది, సాయంత్రాలు నడవమంది.

అంతకుముందే నేను ఒక రాగి కడియం తొడిగి ఉన్నాను కాబట్టి, ఎనిమిది నెలల్లో వచ్చిన గుణం దేనివల్లో వేరే చెప్పక్కర్లేదు. మొన్న వెళ్లినప్పుడు చేతికి లేదు. ఏదమ్మా అన్నాను. "మణికట్టు వాపు తీసేసింది బావగారూ, వదులై జారిపోతోంది" అంటూ కాఫీపొడి సీసా మూత ఒక్క చేత్తో తిప్పి తీసింది. 

లోపలివైపు ఎర్రదారం చుట్టుకుంటే బిగుతుగా ఉంటుందని చెప్పి వచ్చాను.