ఆలు లేదు, చూలు లేదు, అడాప్టరు పేరు 1.5

ఓబీడీ అడాప్టరు అంటే స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టులో గుచ్చే అగ్గిపెట్టెంత డబ్బీ. ఇంజను కంప్యూటరు చెప్పేది విని బ్లూటూత్ మీద ఫోనుకు చేరవేయడమే దాని పని. లక్సెట్టిపేటలో పొద్దున మూడు నాలుగు వందలకు దీన్ని తెప్పించుకున్నవాడు మాపటికి మెకానిక్ అవుతాడు. పదేళ్లుగా షెడ్డులో గ్రీజు పూసుకుంటున్నవాడికి సలహాలూ చెప్తాడు.

కొనేటప్పుడు అందరూ చూసేది వెర్షన్ నంబరు. ఈ డబ్బీలకు మూలం కెనడా కంపెనీ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ చేసిన ఈఎల్‌ఎం327 చిప్. తొలి చిప్‌లోని ప్రోగ్రాముకు కాపీ రక్షణ లేకపోవడంతో నకళ్లు బజారు నింపాయి. డబ్బా మీద గొప్పగా అచ్చేసే ‘వెర్షన్ 1.5’ను ఆ కంపెనీ ఎన్నడూ విడుదల చేయలేదు. సోమలింగం సామెత ఇలాంటి కొడుకు కోసమే పుట్టింది. 2022లో కంపెనీ మూతపడినా కొడుకులు పుడుతూనే ఉన్నారు. 2.1 అని రాసినవాటిలో చాలావాటికి 1.5 అని రాసినవాటికన్నా తక్కువ ఆదేశాలు అర్థమవుతాయి. ఇక్కడ నంబరు పెరిగితే తెలివి తగ్గుతుంది.

ఐఫోనుకు పాతరకం బ్లూటూత్ డబ్బీ పలకదు. వైఫైదో, బ్లూటూత్ ఎల్‌ఈదో కావాలి. ఈ సంగతి డబ్బా విప్పాకే తెలియడం ఆనవాయితీ. ఇక బండి. మన దేశంలో ఈ సాకెట్టు ఉండే ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరైంది 2013 ఏప్రిల్‌లో. ఏపీ 01 ప్లేటున్న పాత కారులో సాకెట్టు వెతకబోయి డాష్‌బోర్డు కింద నడుము పట్టేస్తే, ఆ నొప్పికి కోడ్ లేదు.

అసలు వైద్యం డబ్బీ గుచ్చిన తర్వాతే. ఫోనులో పీ0171 అని లోపం కోడ్ పడుతుంది. ఇంజనుకు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతోందని దాని అర్థం. కారణం చిరిగిన గొట్టం కావచ్చు, మూసుకుపోయిన పెట్రోలు ఫిల్టరు కావచ్చు, నీరసించిన పంపు కావచ్చు. ఫోను వైద్యుడు మాత్రం నేరుగా ఆక్సిజన్ సెన్సర్‌కు ఆర్డరు పెడతాడు. అదీ కుదరకపోతే ‘క్లియర్’ నొక్కుతాడు. జ్వరం తగ్గాలని థర్మామీటరు విదిలించడం ఇదే. డాష్‌బోర్డు మీది ఇంజను లైటుతోపాటు, లోపం పుట్టిన క్షణాన ఇంజను రాసిపెట్టుకున్న లెక్కలూ చెరిగిపోతాయి. రిపేరైందని మురిసి మంచిర్యాల పోయి వచ్చేసరికి లైటు మళ్లీ వెలుగుతుంది. మెకానిక్‌కు చూపిద్దామంటే పాత సాక్ష్యం ఉండదు.

ఇదే సాకెట్టుకు ‘మైలేజీ పెంచే’ డబ్బీలూ అమ్ముతారు. అలాంటివి విప్పి చూసినవాళ్లకు దొరికింది లైట్లను మిణుకుమనిపించే చిప్పే. వెలుగు మాత్రం నిజం.

16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. డబ్బీ పీకకుండా బండిని వారాల తరబడి ఇంటిముందు నిలిపితే బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడు తోయడానికి నలుగురు కావాలి; షెడ్డు మెకానిక్‌నూ పిలవాల్సిందే.