వెయ్యికి ముగ్గురు

పరువు పోయిందని ఎప్పుడు అనుకోవాలో తేల్చి చెప్పే కొలత మనకు ఇన్నాళ్లూ లేదు. 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ ఆ లోటు తీర్చాయి. మీ మెయిల్ అందుకున్న ప్రతి వెయ్యి మందిలో ముగ్గురు ‘స్పామ్’ మీట నొక్కారంటే మీ పరువు పోయినట్టే. ఆ తర్వాత కన్నతల్లికి దీపావళి శుభాకాంక్షలు పంపినా అవి స్పామ్ అరలోనే పడతాయి. అసలు వెయ్యికి ఒక్కడు కూడా నొక్కకుండా చూసుకోమని గూగుల్ హితవు. తొమ్మిది వందల తొంభై ఏడుగురు నోరెత్తకపోయినా పరువు దక్కదనే ఈ నియమాన్ని శాసనసభకు వర్తింపజేస్తే స్పీకర్ కుర్చీతో సహా అన్నీ ఖాళీ. సినిమావాళ్ల సంగతి, ఈ కాలమ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఈ లెక్కలు నాకు నేర్పింది మా అక్క కొడుకు. అమీర్‌పేటలో ఉద్యోగం. పని పేరు బెంచ్ సేల్స్. అమెరికాలో ప్రాజెక్టు అయిపోయినవాళ్లు, ఎమ్మెస్ పూర్తయినా పని దొరకనివాళ్లు ‘బెంచ్ మీద’ ఉన్నట్టు. వాళ్ల జాబితాను హాట్‌లిస్ట్ అంటారు. పేరు, టెక్నాలజీ, వీసా, ఉంటున్న ఊరు, ఎక్కడికైనా కదులుతాడా, ఎన్నేళ్ల అనుభవం. ఈ చివరిది ఎనిమిదికి తగ్గదు, మనిషికి ఇరవై నాలుగు దాటకపోయినా సరే. ఆ జాబితాను ముక్కూ మొహం తెలియని వెండర్లకు రాత్రంతా పంపుతూ ఉండాలి. చీకటి పడ్డాక మావాడి పేరు కెవిన్. సంతకం కింద టెక్సస్‌లోని ఒక సూట్ నంబరు. మావాడు టెక్సస్‌ను గూగుల్ మ్యాప్‌లో చూశాడు.

ఆ చిరునామా అలంకారానికి పెట్టింది కాదు, చట్టం పెట్టించింది. 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం అమెరికాలో పరాయివాడికి వ్యాపార మెయిల్ రాయడానికి ముందుగా అతని అనుమతి అక్కర్లేదు. సబ్జెక్టు లైనులో అబద్ధం ఉండకూడదు, పోస్టల్ అడ్రసు ఉండాలి, ‘ఇక వద్దు బాబూ’ అన్నవాడికి పది పనిదినాల్లోగా ఆపేయాలి. పిలవని పేరంటానికి వెళ్లవచ్చు, వెళ్లిపొమ్మంటే మాత్రం రెండు వారాల్లో లేచి రావాలి. సరిగ్గా ఆ నెలలోనే దావోస్‌లో బిల్ గేట్స్ రెండేళ్లలో స్పామ్ పీడ విరగడవుతుందని ప్రకటించాడు. ఆయన మాట నిజమై ఉంటే మావాడు ఈపాటికి గ్రూప్ టూ రాస్తూ ఉండేవాడు.

మొదట్లో మావాడి కంపెనీవాళ్లు అమాయకంగా సొంత డొమైన్ నుంచే వేలకు వేలు కొట్టారు. కొద్ది వారాలకే ఫలితం కనిపించింది. హాట్‌లిస్టులు సరే, క్లయింటుకు పంపిన ఇన్‌వాయిసులు స్పామ్‌లో పడ్డాయి. హెచ్ఆర్ పంపిన ఆఫర్ లెటరూ అక్కడే. ఓనరు తన అల్లుడికి పంపిన మెయిల్ కూడా అందులోనే తేలేసరికి, ఇది కుటుంబ సమస్య అని గుర్తించి డెలివరబిలిటీ కన్సల్టెంట్‌ను పిలిపించారు.

కన్సల్టెంట్ మొదట మూడు పత్రాలు అడిగాడట. ఎస్‌పీఎఫ్ అంటే నా పేరు మీద మెయిల్ పంపే అధికారం ఫలానా సర్వర్లకే ఉందని లోకానికి చాటడం. డీకిమ్ అంటే దారిలో ఎవరూ దిద్దలేదని వేసే సీలు. పైకి కనిపించే పేరుతో ఈ రెండూ పొసగకపోతే లోపలికి రానివ్వాలా, స్పామ్‌లో పడేయాలా, గుమ్మం నుంచే తిప్పి పంపాలా అన్న ఉత్తర్వు డీమార్క్. మూడూ మంచివే, ఎవరికైనా ఉండాల్సినవే. రాసింది ఫలానావాడేనని మూడూ ముక్తకంఠంతో సాక్ష్యం చెబుతాయి. ఎందుకు రాశాడని మాత్రం ఏ పత్రమూ అడగదు.

అసలు విద్య ఆ తర్వాత మొదలైంది. సొంత డొమైన్‌ను ముట్టుకోవద్దన్నాడు. దాన్నే పోలిన డొమైన్లు కొనాలి, ముందు ఒక ‘గెట్’, వెనక ఒక ‘హెచ్‌క్యూ’ తగిలించి. ఒక్కో డొమైన్‌కు మూడు మెయిల్‌బాక్సులు, ఒక్కో దాని నుంచి రోజుకు నలభై. రోజుకు ఐదు వేలు కొట్టాలంటే 125 మెయిల్‌బాక్సులు, 42 డొమైన్లు. ఐదు వేలే ఎందుకంటారా? ఒకే డొమైన్ నుంచి జీమెయిల్‌కు రోజుకు ఐదు వేలు పంపినవాడే గూగుల్ దృష్టిలో పెద్ద పంపకందారు, అదనపు కఠిన నియమాలు వాడికే. నలభై రెండుగా చీలినవాడు ఎంత పంపినా చిన్నవాడే. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చినప్పుడు మన జిల్లాల్లో ఎకరాలు రాత్రికి రాత్రి పాలేర్ల పేర్ల మీదికి మారిన కథ ఎరిగినవాళ్లకు ఈ విద్య కొత్తగా అనిపించదు. ఒక డొమైన్ పరువు పోతే పారేసి, ఇంకోటి కొనడమే. ఏడాదికి వెయ్యి రూపాయల చిల్లర.

కొత్త డొమైన్‌తో వెంటనే పంపకం మొదలుపెట్టకూడదట, ‘వార్మప్’ చేయాలట. ఇది విన్నాక నాకు చదివింపుల పుస్తకం గుర్తొచ్చింది. మీ ఇంటి పెళ్లికి వాళ్లు నూటపదహార్లు చదివిస్తారు, వాళ్ల ఇంటి పెళ్లికి మీరు నూటపదహార్లు చదివిస్తారు. ఎవరి జేబులోనూ రూపాయి పెరగదు కానీ ఇద్దరి పుస్తకాలూ నిండుగా కళకళలాడతాయి. వార్మప్ అంతే. ఒక పథకంలో చేరిన వేల మెయిల్‌బాక్సులు మనిషి ప్రమేయం లేకుండా ఒకదానికొకటి రాసుకుంటాయి. మొదటివారం నాలుగైదు, తర్వాత పది, ఆపై ఇరవై. అందుకున్నది తెరుస్తుంది. స్పామ్‌లో పడి ఉంటే చెయ్యందించి పైకి లాగి, ‘ముఖ్యమైనది’ అని ముద్ర వేస్తుంది. ‘మీ ఆలోచన చాలా బాగుంది, మంగళవారం మాట్లాడుకుందాం’ అని జవాబిస్తుంది. మంగళవారం వస్తుంది. ఎవరూ మాట్లాడుకోరు. గూగుల్ యంత్రం మాత్రం పుస్తకం తిరగేసి, ఆహా ఈ డొమైన్‌కు ఎంత మర్యాద అనుకోవాలని ఆశ. పుస్తకంలో ఉన్నవన్నీ మన పాలేర్ల సంతకాలేనని అది పసిగట్టిన రోజున మళ్లీ మొదటికి.

మూడు వారాలకు డొమైన్ వెచ్చబడింది. ఇక జాబితా. కొన్న జాబితాల్లో శవాలుంటాయి. ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవాడి ఐడీ కొన్నాళ్లు మూతపడి, తర్వాత ఉచ్చుగా మళ్లీ తెరుచుకుంటుంది. దానికి రాశారంటే మీ జాబితా కుళ్లిపోయిందని రుజువైనట్టే. 1998 నుంచి ఇదే పనిలో ఉన్న స్పామ్‌హౌస్ లాంటి సంస్థల నల్లజాబితాకు ఎక్కుతారు. హాట్‌లిస్టు పంపబోయి బ్లాక్‌లిస్టులో చేరడమన్నమాట.

ఒకే మాట వేలమందికి వెళితే యంత్రం పట్టేస్తుంది కనుక మాటలు మార్చాలి. ఒకడికి ‘హలో’, ఒకడికి ‘హాయ్’, ఇంకొకడికి ‘మీరు క్షేమమని తలుస్తాను’. మొదటి వాక్యం ఇప్పుడు ఏఐ రాస్తోంది, అవతలివాడి లింక్డ్‌ఇన్ చూసి మరీ. తండ్రి పోయాడని పోస్టు పెట్టుకున్న ఒక వెండరుకు ‘మీ ప్రయాణం స్ఫూర్తిదాయకం’ అని వెళ్లిందట. ఆయన చాలా పెద్ద జవాబు రాశాడు. చదివి మావాడు వణికిపోతే కన్సల్టెంట్ భుజం తట్టాడు. జవాబు జవాబే, బూతులైనా సరే యంత్రం లెక్కలో అది సంభాషణేనట. చడీచప్పుడు లేకుండా స్పామ్ నొక్కేవాడే ప్రమాదకారి. అందుకే అన్‌సబ్‌స్క్రయిబ్ మీట పెద్దగా పెట్టాలి, వాడి వేలు పక్కదానిమీదికి పోకుండా.

“ఇంతకీ ఎంతమంది చదువుతున్నార్రా?” అన్నాను.

“ఓపెన్ రేట్ అదిరిపోతోంది మావయ్యా. కానీ 2021 నుంచి యాపిల్ మెయిల్ బొమ్మలన్నీ తనే ముందుగా తెచ్చి పెట్టుకుంటోంది కదా, మనిషి చూడకపోయినా చూసినట్టే పడుతుంది. ఆ సంగతి మా సార్‌కు చెప్పలేదు.”

ఈ స్పామ్ వంశానికి మూలపురుషుడు గ్యారీ థర్క్. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ మనిషి. 1978 మే 3న అర్పానెట్‌లో ఉన్న నాలుగు వందల మందికి కాస్త అటూ ఇటూగా, కొత్త కంప్యూటర్లు చూసిపొమ్మని ఒకే ఉత్తరం పంపాడు. చిరునామాలు పైన పట్టక ఉత్తరంలోకి పొర్లాయి. చీవాట్లు పడ్డాయి. దానివల్ల కోటి డాలర్ల పైచిలుకు సరుకు అమ్ముడైందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. డొమైన్లూ లేవు, వార్మప్పూ లేదు. 1994లో ఫీనిక్స్ నగరపు లాయరు దంపతులు క్యాంటర్, సీగల్ యూజ్‌నెట్‌లోని వేల చర్చాగుంపుల్లో పోసిన ప్రకటన దేని గురించో తెలుసా? గ్రీన్‌కార్డు లాటరీ. ఆ లాటరీలో భారతీయులకు ప్రవేశం లేదు. లేకపోబట్టే మావాడి హాట్‌లిస్టు అంత పొడుగు.

“ఒరేయ్, నిజంగా మనిషి కావలసిన ఓ ఇరవైమంది ఎవరో కనుక్కుని, వాళ్లకే నువ్వే కూర్చుని రాయొచ్చు కదా? అప్పుడు ఈ నలభై రెండు డొమైన్లూ ఎందుకు?”

“అది స్కేల్ కాదు మావయ్యా,” అన్నాడు జాలిగా. కాసేపాగి, “మీ జీమెయిల్ ఎప్పటిది?” అన్నాడు.

“2005. అప్పట్లో ఎవరో ఒకరు ఆహ్వానం పంపితేగానీ దొరికేది కాదు.”

“చెడ్డపేరేమీ లేదు కదా?”

“ఈ ఇరవై ఏళ్లలో సంపాదకుడికి తప్ప పెద్దగా ఎవరికీ రాయలేదు. ఆయన ఏ మీట నొక్కాడో తెలియదు.”

“పాతకాలపు ఐడీలకు మా సార్ మంచి రేటు ఇస్తున్నారు. నెలకు రెండు వేలు. మీరేం చేయక్కర్లేదు, పాస్‌వర్డ్ ఇచ్చి కూర్చుంటే చాలు.”

నలభై ఏళ్లుగా కలం పట్టి బతికినవాణ్ణి, నా పేరుతో ఎవడో ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి ఎనిమిదేళ్ల అనుభవం అంటగట్టి అమ్ముకుంటాడా అని మండిపడబోయాను. పడేలోపు ఇంకోమాట నోట్లోంచి వచ్చేసింది.

“అడ్వాన్సు ఎన్ని నెలలది?”