కృష్ణుడికి అడ్వాన్సు

మాఘపౌర్ణమి దగ్గర పడితే హంసలదీవి వైపు, శివరాత్రి దగ్గర పడితే పెదకళ్ళేపల్లి వైపు ఒకాయన చంకలో రెక్సిన్ సంచీతో బయల్దేరతాడు. ఊళ్ళోవాళ్ళు కాంట్రాక్టరుగారంటారు. రోడ్డు వేయిస్తాడని ఆశపడకండి. నాటకం వేయిస్తాడు.

సంచీలో డైరీ ఉంటుంది. అందులో మనుషుల పేర్లుండవు, వేషాలే. "ఒకటో కృష్ణుడు, బందరు, అడ్వాన్సు ముట్టింది. రెండో కృష్ణుడు, గుడివాడ, రానూపోనూ చార్జీలు అదనం. అర్జునుడికి షుగరు, టిఫిను తొందరగా పెట్టాలి." పాండవోద్యోగ విజయాల్లో తిరుపతి వేంకట కవులు రాసింది ఒక్క కృష్ణుణ్ణే. బందరు హైస్కూల్లో తెలుగు చెప్పిన చెళ్ళపిళ్ళవారికి ఇందులోని వ్యాపారం తట్టలేదు. మన జనానికి ఒక్క గొంతు ఆనదు గనక పడకసీనుకొకడు, రాయబారానికొకడు, యుద్ధానికి ఇంకొకడు. అలా ముగ్గుర్ని చేసి, ముగ్గురి మీదా కమీషను తీసుకోవడం కాంట్రాక్టరు ప్రతిభ.

ఈ ముగ్గురికీ రిహార్సలంటూ ఉండదు. ఎవరి ఊరి బస్సు వాళ్ళెక్కి, ఎవరి కిరీటం వాళ్ళు తెచ్చుకుని, మేకప్ గదిలో మొదటిసారి "బాగున్నారా" అనుకుంటారు. కిరీటాలు చిలకలపూడి గిల్టువి. రేటు మాట్లాడేటప్పుడు మాత్రం అచ్చమైన బంగారం ధరే.

అవనిగడ్డ దగ్గర ఓ రాత్రి రెండో కృష్ణుడి బస్సు చెడిపోయింది. మొదటి కృష్ణుడు అప్పటికే నీలం రంగు కడుక్కుని ఇడ్లీ ముందు కూర్చున్నాడు.

"బాబ్బాబు, రాయబారం కూడా నువ్వే కానిచ్చెయ్" అన్నాడు కాంట్రాక్టరు.

"నేను పడకసీనుకే ఒప్పుకున్నానండీ. నిద్ర లేచాక జరిగేదాంతో నాకు సంబంధం లేదు."

చివరికి హార్మనీ ఆయన చేత పావుగంటసేపు కల్యాణి వాయించి, ఆ సందులో బేరం తెగ్గొట్టాడు. జనం ఆ సంగీతానికీ వన్స్‌మోర్ కొట్టారు. నాటకం మీద ఈయనకున్న అభిప్రాయం అడిగితే చెప్పలేడు. ఇన్నేళ్ళలో ఒక్కటీ ఎదర కూర్చుని చూడలేదు, తెర వెనక చదివింపుల డబ్బు లెక్కబెట్టడంతోనే తెల్లారుతుంది.

గురువెవరండీ అంటే దుక్కిపాటి మధుసూదనరావుగారంటాడు. చూసింది ఫొటోలోనే. పెయ్యేరులో పుట్టిన దుక్కిపాటి ఎక్సెల్షియర్ నాటక సంస్థ నడిపి, అక్కినేని నాగేశ్వరరావు చేత ఆడవేషాలు కట్టించి, 1951లో అన్నపూర్ణా పిక్చర్స్ పెట్టి, 1955లో 'దొంగరాముడు' తీశాడు. మంచి కథ కోసం ఆయన పడ్డ తాపత్రయం మనవాడికి అనవసరం. పందిట్లోంచి సినిమాలోకి దారుందన్న ముక్క మాత్రం బుర్రకెక్కింది. అక్కినేనిని ఘంటసాల బలరామయ్య బెజవాడ స్టేషన్లో చూసి ఎంచుకున్నాడని విన్నాక మరీ ముదిరింది. గుడివాడలో ఏ కుర్రాడు రైలు దిగినా గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పేవాడు. ఒకడు తన్నబోయాడు కూడా. ఆ కుర్రాడు పోలీసు ట్రైనింగుకి వెళ్తున్నాట్ట.

ఇప్పుడు కార్డు మీద 'కాస్టింగ్ డైరెక్టర్' అని ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో 'పద్యనాటకములకు కూడా సంప్రదించండి' అని.

నాగాయలంక రేవులో ఏదో సినిమా షూటింగుకి జాలరి వేషం కావాలన్నారు. పడవ మీద నిలబడి "గాలి తిరిగింది" అనాలి, అంతే. రేవు నిండా అసలైన జాలర్లే ఉన్నారు. వాళ్ళలో ఒకణ్ణి పిలిస్తే సరిపోయేది, కమీషను రాదు. కాంట్రాక్టరు దుర్యోధనుణ్ణి పంపాడు. మీసం సొంతమేనని పూచీ కూడా ఇచ్చాడు.

యాక్షన్ అన్నారు. దుర్యోధనుడు ఛాతీ విరిచి, లేని గద భుజానికెత్తుకుని, "గాలీ..." అని మోహనలో అందుకున్నాడు. 'తిరిగింది' దగ్గరికి వచ్చేసరికి కెమెరాలో కార్డు నిండిపోయింది. గట్టు మీద జనం ఈలలు, వన్స్‌మోర్లు. ఆయన మొహమాటపడకుండా మళ్ళీ మొదలెట్టాడు.

డైరెక్టరు కుర్రాడు తల పట్టుకుని కాంట్రాక్టరుని పిలిచాడు. ఉన్నది రెండే మాటలు, అవీ ఈయన చెప్పలేకపోతున్నాడన్నాడు.

కాంట్రాక్టరు ఏమీ తొణక్కుండా సంచీలోంచి డైరీ తీశాడు.

"దానికేం సార్, 'గాలి' వరకూ ఈయన్ని ఉంచండి. 'తిరిగింది'కి రెండో జాలర్ని పంపుతాను. బందరు నుంచి రావాలి, చార్జీలు అదనం."